నా కడుపు చెప్పిన జోస్యం

మా ఇంట్లో ఏ పని తలపెట్టినా ముందు నా కడుపును అడుగుతారు. చిన్నప్పుడు ఒకసారి ప్రయాణం రోజున నాకు కడుపునొప్పి వచ్చింది. మేం ఆగిపోయాం, మేం ఎక్కాల్సిన బస్సు దారిలో బోల్తా పడింది. అంతే, కాకతాళీయమని ఎంత మొత్తుకున్నా వినరు. ఇల్లు మారాలన్నా, తమ్ముడు ఉద్యోగం వదలాలన్నా భారమంతా నా పొట్ట మీదే. దానికి నోరుంటే వీళ్లందరినీ ఉతికి ఆరేసేది.

అమ్మకు పిత్తాశయంలో రాళ్లు. తింటే నొప్పి పుడుతుందన్న భయంతో నెలల తరబడి నాలుగు మెతుకులతో సరిపెట్టుకుని చిక్కి శల్యమైంది. ఇక ఆపరేషన్ తప్పదన్నారు. ఆ ఉదయం ఆసుపత్రి గదిలో ఆమెకు ఆకుపచ్చ గౌను తొడుగుతుండగా నా కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. చెప్పకూడదనుకున్నాను గానీ, తమ్ముడు కనిపెట్టేశాడు. వాడి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"అక్కా, నొప్పా? నిజం చెప్పు."

"కొంచెం."

"అయితే వద్దే. ఆపించేద్దాం."

వీళ్లను ఇంతకాలం ఎగతాళి చేసిన నేనే లోలోపల నమ్ముతున్నానని అప్పుడు తెలిసింది. అమ్మ లేని ఇల్లు కళ్ల ముందు మెదిలింది. ఆపరేషన్ వద్దని నర్సుతో చెప్పేశాను.

ఎందుకని అడిగింది ఆమె. తమ్ముడు నా పొట్ట చరిత్రంతా ఏకరువు పెట్టాడు. నర్సు నా వైపు తిరిగింది.

"పొద్దున ఏం తిన్నారండీ?"

"ఏమీ లేదు. అమ్మ పస్తుంటే మేమెలా తింటాం? రాత్రి నుంచి ఇద్దరం మంచినీళ్లు కూడా ముట్టలేదు."

మంచం మీద అమ్మ కళ్లు పెద్దవి చేసింది. "ఓసి పిచ్చిమొద్దూ! పొట్ట కోసేది నాకైతే పస్తు మీకెందుకే? అది ఆకలి! ముందు పోయి ఏదైనా తిని తగలడండి. నేను లోపలికి పోతున్నా."

క్యాంటీన్‌లో రెండు బ్రెడ్డు ముక్కలు, గ్లాసుడు పాలు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నాకు ఏ దివ్యదృష్టీ లేదని తెలిసి పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. తమ్ముడు మాత్రం, "పూర్తిగా పోయిందా? మళ్లీ చూసుకో," అంటూ ప్రాణం తీశాడు.

మధ్యాహ్నానికి అమ్మను గదికి తెచ్చారు. అంతా బాగా జరిగిందని డాక్టర్ చెప్పి వెళ్లాడు. సాయంత్రం నర్సు సరేనన్నాక పల్చటి సూప్ చెంచాతో పట్టాను. మొదటి చెంచా మింగి అమ్మ అలవాటుగా కడుపు మీద చెయ్యి వేసుకుంది, నొప్పి కోసం కాచుకుంటూ. మేమూ ఊపిరి బిగబట్టాం.

నొప్పి రాలేదు. అమ్మ చెయ్యి తీసేసింది.

"ఇంకొంచెం పట్టవే."