తోక బ్రాకెట్టు, రెండు ముక్కలు

నేను ఒక అల్యూమినియం రేకు ముక్కను. కనీసం ఈ ఒక్క మాటైనా సూటిగా చెబుదామనుకున్నాను గానీ అదీ కుదిరేలా లేదు. ఎందుకంటే ప్రస్తుతం నేను ఒక ముక్క కాదు, రెండు ముక్కలు. ఒకటి గుంటూరు ఆటోనగర్‌లో నాగూర్‌మీరా షెడ్డు గోడకు, మేకు మీద వేలాడుతోంది. రెండోది రిటైరైన ఫిజిక్సు మాస్టారి చొక్కా జేబులో తిరుగుతోంది. ఈ కథ చెబుతున్నది ఏ ముక్క అని అడిగితే నాకూ తెలియదు. పుట్టినప్పటి నుంచీ నా బతుకు ఇంతే. నా సంగతి నాకు పూర్తిగా అర్థమైన రోజు ఒక్కటీ లేదు. మీరే కాస్త ఓపిక పట్టండి.

మొదట్లో నేను పెద్ద రేకులో కలిసిపోయి ఉండేదాన్ని. అప్పుడు నాకు ‘నేను’ అనేదే లేదు. చెక్కపెట్టెలో పెట్టి ఓడెక్కించారు. పెట్టె మీద విమానం బొమ్మ ఉంది. లోపల విమానం లేదు. రేకులు, గొట్టాలు, వాటిని కలిపి బిగించే వేల రివెట్లు, చేతిమందం పుస్తకం ఉన్నాయి. విమానం కొన్న మనిషికి విమానం ఇవ్వకుండా ‘నువ్వే చేసుకో’ అని పంపిస్తారా? పైగా ఆ మనిషి అదే కావాలని కోరుకున్నాడట! మనుషుల మీద నా మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

ఆ మనిషి పేరు పానకాలరావు. కాలేజీలో ముప్పై నాలుగేళ్లు ఫిజిక్సు చెప్పాడు. రెక్క పైన గాలి, రెక్క కింద గాలి అంటూ నల్లబల్ల మీద ఎన్ని విమానాలు ఎగరేశాడో లెక్కలేదు. తను మాత్రం నేల విడిచింది లేదు. రిటైరయ్యాక, అరవై దాటిన వయసులో, కుర్రాళ్ల మధ్య కూర్చుని విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత మూతబడ్డ పొగాకు గోడౌన్లో మా పెట్టెలు విప్పాడు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి వీచిన రోజు పని మానేసి అందరూ తుమ్ముతూ కూర్చునేవాళ్లు.

అందరూ అంటే ఎంతమందో కాదు, ఇద్దరే. ఆయన, ఆయన భార్య సువర్చల. రివెట్టు కొట్టాలంటే ముందు నుంచి ఒకరు కొడుతుంటే వెనక నుంచి ఇంకొకరు ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. ఆ దిమ్మ సువర్చలది. రెండేళ్లలో పదివేల దెబ్బలు ఆమె అరచేతి మీదుగానే పోయాయి. “పెళ్లిలో ఏడడుగులే అన్నారు, ఇన్ని దెబ్బలని ఎవరూ చెప్పలేదు,” అని నవ్వేది.

విమానం ముక్కు పైకెత్తాలన్నా దించాలన్నా తోక దగ్గర ఒక పలక ఆడాలి. ఆ పలకను పట్టుకుని ఉండే బ్రాకెట్లు రెండు. అవి పెట్టెలో తయారుగా రాలేదు. కాగితం మీద బొమ్మగా వచ్చాయి. బెత్తెడు ముక్కే గానీ రెండు చోట్ల వంగాలి, ఆ వంపుల్లో ఒకటి నిటారుగా కాదు, నాలుగు డిగ్రీలు ఓరగా ఉండాలి. వంచాక రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. మాస్టారు మూడు రోజులు లెక్కలు వేసి, నాలుగో రోజు వంచాడు. రేకు వంచితే మడత దగ్గర కొంత కొలత పోతుంది. అది లెక్కలో ఉంది గానీ చేతిలోకి రాలేదు. నా అన్న ఒకడు పొట్టిగా తేలాడు. ఇంకొకడు ఎడమకు బదులు కుడికి వంగాడు. మూడోవాడి రంధ్రం అంచుకు పోయింది. ముగ్గురూ పాతసామాను డబ్బాలో పడ్డారు. నేనెవరికి తమ్ముణ్ణో, చెల్లెల్నో తెలియక బెంచీ మీద పడి ఉన్నాను.

అప్పుడు మాస్టారు నాగూర్‌మీరాను పిలిచాడు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా బస్సులకు బాడీలు కడుతున్న మనిషి. కొలబద్ద తీసేది తక్కువ, బొటనవేలితో చూసేది ఎక్కువ. నన్ను తిప్పి చూసి పెదవి విరిచాడు.

“ఏంది మాస్టారూ, నలభై అడుగుల బస్సుకే వంక పెట్టినోడు లేడు. ఈ బెత్తెడు ముక్కకి ఇంత కథా?”

“బస్సు ఆగిపోతే దిగి నెట్టొచ్చు నాగూరూ. ఇది ఆగితే ఎక్కడికి దిగుతాం?” అన్నాడు మాస్టారు.

నాగూరు నవ్వలేదు. జేబులోంచి స్క్రైబరు తీశాడు. మొన పదునుగా ఉన్న ఉక్కు పుల్ల అది. బస్సు పనిలో ఏ రేకు వంచాలన్నా ముందు దానితో గీత గీస్తాడు. వాళ్ల నాన్న నేర్పిన పద్ధతి. నా ఒంటి మీద ఒకే ఒక్క లాగుడు. చురుక్కుమంది. పుట్టుక అంటే అందరికీ ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. కొత్తదాన్ని, ఎవరిని అడగను?

“ఆహా, ఏం గీత! కళ్లకద్దుకోవాలి,” అన్నాడు మాస్టారు. గీత ఎంత తిన్నగా ఉందో చూశాడు. ఎంత లోతుగా ఉందో చూడలేదు. చేతిమందం పుస్తకంలో ‘వంచే చోట పెన్నుతో మాత్రమే గుర్తు పెట్టండి’ అని ఉంది. ఆ పేజీ ఆయన చదివాడు కూడా. కానీ మూడు ముక్కలు పాడైన మనిషికి నాలుగోది కుదురుతోందన్న ఆనందంలో పేజీ గుర్తుకు రాలేదు.

నాగూరు నన్ను వైసు దవడల మధ్య బిగించి, కొయ్య సుత్తితో నాలుగు దెబ్బల్లో వంచాడు. గీత మడతకు బయటి వైపు పడింది. రంధ్రాలు కలిశాయి. రెండోదాన్ని మాస్టారు నన్ను చూసి, నాగూరు చెప్పినట్టు తనే చేసుకున్నాడు. గీత మాత్రం స్కెచ్ పెన్నుతోనే పెట్టాడు, స్క్రైబరు నాగూరు తీసుకుపోయాడు కాబట్టి. నాకు పసుపుపచ్చ రంగు పూశారు. గీత కనబడకుండా పోయింది. ఎనిమిది రివెట్లతో తోకకు కొట్టారు. ప్రతి దెబ్బకూ అవతల సువర్చల చెయ్యి తెలుస్తూనే ఉంది.

ఆ రోజు నుంచి నేను ముక్కను కాదు, విమానాన్ని. ఎంత గర్వపడ్డానో దాచుకోను. ఆ గర్వంలోనే ఒక అయోమయం. విమానాన్ని గోడౌన్లోంచి రన్‌వేకు చేర్చాక, ఎగరకుండా నేల మీదే పరుగులు పెట్టించినప్పుడల్లా నా మడత దగ్గర సన్నగా లాగేది. అది పనిచేస్తున్నానన్న గుర్తా? ఏదైనా తేడానా? పక్క బ్రాకెట్టుకు ఏ బాధా ఉన్నట్టు లేదు. నాకు మాత్రమే ఎందుకు లాగాలి? బహుశా నేను ఎక్కువ బరువు మోస్తున్నానేమో, ఎక్కువ గొప్పదాన్నేమో అని సర్దిచెప్పుకున్నాను. తనిఖీకి వచ్చిన ఇంజనీరు టార్చి వేసి చూసి, వేలితో కొట్టి, ‘బాగుంది’ అని సంతకం పెట్టాడు. అంత పెద్దమనిషి బాగుందన్నాక బాలేదనడానికి నేనెవర్ని?

మర్నాడు ఉదయం మొదటిసారి ఎగరాలి. మొదటిసారి మాస్టారు ఒక్కడే ఎగరాలని నిబంధన. పాత శిష్యులందరికీ ఫోన్లు చేసి రమ్మన్నాడు. ముందురోజు మధ్యాహ్నం మూడింటికి నాగూరు మోపెడ్ మీద రన్‌వే షెడ్డుకు వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. పలకరింపు కూడా లేదు.

“మాస్టారూ, ఆ ముక్క తీసెయ్యండి.”

“ఏ ముక్క?”

“నేను చేసిన ముక్క.”

జరిగింది ఇదీ. ఆ పొద్దున ఒక బస్సు టాపుకు అల్యూమినియం రేకు కొయ్యాల్సి వచ్చింది. అంత పొడుగు రేకుకు కత్తెర పనికిరాదు. దానికి నాగూరు ఎప్పుడూ చేసే పని ఒకటుంది. స్క్రైబరుతో గట్టిగా గీత గీసి, రేకును అటూ ఇటూ రెండుసార్లు వంచుతాడు. గీత వెంట టప్పుమని విరుగుతుంది. వేలసార్లు చేశాడు. ఇవాళ ఆ టప్పు వినగానే చేతిలో రేకు వదిలేసి నిలబడిపోయాడట.

“ఇరగ్గొట్టేటప్పుడూ అదే గీత, వంచేటప్పుడూ అదే గీత మాస్టారూ. ఇనుముకైతే ఏం గాదు. ఇది ఇనుము గాదుగదా. నా చేత్తోనే మీకు...”

మాస్టారు ఒప్పుకోలేదు. ఆయన మొహం ఎర్రబడింది. “తనిఖీ అయింది. సంతకం అయింది. రేపు పొద్దున అందరూ వస్తున్నారు. అది గీత నాగూరూ, పగులు కాదు. ముప్పై నాలుగేళ్లు ఫిజిక్సు చెప్పినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా?”

సువర్చల అప్పటిదాకా కుర్చీలో కూర్చుని రేపటికి పూలదండ గుచ్చుతోంది. దండ పక్కన పెట్టి లేచింది.

“సంతకం పెట్టినాయన రంగు చూశాడండీ. నాగూరు రంగు కింద ఉన్నది చెబుతున్నాడు. తీయండి.”

“తీస్తే ఇంకో వారం పడుతుంది.”

“పట్టనివ్వండి. రెండేళ్లు ఆ దిమ్మ పట్టుకున్నది మిమ్మల్ని పైకి పంపడానికే. మళ్లీ క్షేమంగా దించడానికి కూడా అనుకున్నాను.”

డ్రిల్లుతో ఎనిమిది రివెట్లూ తీసి నన్ను బయటికి లాగారు. గీతా పగులా తేల్చుకోవడానికి నన్ను వైసులో పెట్టి వంచి చూడాలన్నాడు నాగూరు. దానితో పాటు అదే రేకులోంచి ఇంకో ముక్క కోసి, గీత లేకుండా వంచి, దాన్నీ అలాగే పరీక్షించాలన్నాడు. వైసు బిగిసింది. నా జన్మలో అంత అయోమయం ఎప్పుడూ లేదు. విరగకూడదు, విరిగితే నేను పనికిమాలినదాన్ని. కానీ విరగకపోతే? మాస్టారు ‘చూశావా’ అంటాడు, నాలాంటి గీత ఉన్నదాన్నే మళ్లీ చేయించి రేపో ఎల్లుండో ఎగిరిపోతాడు. అప్పుడు గాల్లో విరుగుతుంది. నేను బాగున్నానని రుజువైతే ఆయనకు ప్రమాదం, బాగోలేనని రుజువైతే ఆయనకు క్షేమం. ఏ దేవుడికి ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. గట్టిగా ఉండడమే కదా నాకు నేర్పింది! ఒకవైపు బిగబట్టాను, మరోవైపు వదిలేద్దామనుకున్నాను. రెండూ ఒకేసారి చేశాననుకుంటా.

నాగూరు ఒకసారి వంచాడు. లాగింది. వెనక్కి వంచాడు. టప్పుమంది.

గీత వెంట, దారం పెట్టి కోసినట్టు, రెండయ్యాను.

గీత లేకుండా వంచిన ముక్కను ఆరుసార్లు అటూ ఇటూ వంచారు. విరగలేదు. మాస్టారు నేల మీద చతికిలబడ్డాడు. ఆయన నా విరిగిన అంచుల్ని మార్చి మార్చి చూడడం నేను రెండు వైపుల నుంచీ చూశాను. “పుస్తకంలో ఉంది నాగూరూ. నేను చదివాను. చదివి కూడా గీత బాగుందన్నాను,” అన్నాడు చివరికి. నాగూరు పక్కకు తిరిగి తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

సువర్చల నా రెండు ముక్కలూ తీసి చెరొకరి చేతిలో పెట్టింది.

“గీసింది నువ్వు, మెచ్చుకుంది ఈయన. చెరొకటి దగ్గరుంచుకోండి.”

మళ్లీ అందరికీ ఫోన్లు చేసి రావద్దని చెప్పడానికి మాస్టారికి గంట పట్టింది. విసుక్కున్నవాళ్లూ ఉన్నారు, భయపడ్డాడని వెనక నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. ఆయన ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. నాగూరు ఆటోనగర్‌లో స్టేషనరీ కొట్టుకు పోయి మూడు స్కెచ్ పెన్నులు తెచ్చుకున్నాడు. పిల్లల సామాను పట్టుకొచ్చావేంటని తోటి పనివాళ్లు ఆటపట్టిస్తే పడ్డాడు. కొత్త బ్రాకెట్టు ఎర్రగీత మీద వంగింది. ఆ గీత గుడ్డతో తుడిస్తే పోయింది. మళ్లీ తనిఖీ, మళ్లీ రివెట్లు, మళ్లీ సువర్చల దిమ్మ.

ఎనిమిదో రోజు ఉదయం విమానం పరుగెత్తింది. నేను మాస్టారి చొక్కా జేబులో ఉన్నాను. నేల మీద నాగూరు గుప్పిట్లో కూడా ఉన్నాను. జేబులో ఉన్న నాకు గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. గుప్పిట్లో ఉన్న నాకు చెమట తప్ప ఏమీ తెలియలేదు. చక్రాలు లేచాయి. జేబులో నేను తేలికయ్యాను. గుప్పిట్లో నన్ను నాగూరు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, అంచు గుచ్చుకుని అరచేతికి నెత్తురొచ్చినా వదల్లేదు. విమానం రెండు చుట్లు తిరిగి దిగింది. సువర్చల దండ వెయ్యడం మరిచిపోయి, దాన్ని చేతిలోనే నలుపుతూ నిలబడి ఏడ్చింది. నాగూరు పరుగెత్తుకుంటూ పోయి ముందు తోక చూశాడు, తర్వాత మాస్టారిని చూశాడు.

ఇంతకీ నేను ఎగిరినట్టా, ఎగరనట్టా? దానికి నేనింకా జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. నా సగం మబ్బుల దాకా పోయొచ్చింది, కానీ ఏ పనీ చెయ్యలేదు. చెయ్యాల్సిన పని చేసింది ఇంకో బ్రాకెట్టు. నేను చేసిన పని అంటూ ఉంటే అది విరగడం. దాన్ని పని అంటారో లేదో నాకు తెలియదు.

షెడ్డు గోడ మీద నా పక్కనే ఆ స్క్రైబరు కూడా వేలాడుతోంది. నాగూరు దాన్నిప్పుడు ఇనుముకే వాడతాడు. మొన్న బస్సు చూసుకోవడానికి వచ్చిన ఒక ఓనరు నన్ను చూపించి అడిగాడు.

“ఏందిది నాగూరూ, పాత రేకు ముక్కని మేకుకి తగిలించావు?”

“మా మాస్టారి విమానం పార్టు.”

“విమానం పార్టయితే విమానానికి ఉండాలిగా! ఇక్కడుందేంది?”

నాగూరు కొయ్య సుత్తి దించకుండానే చెప్పాడు. “అది ఇక్కడుంది గాబట్టే మాస్టారు ఎగిరినప్పుడల్లా సాయంత్రానికి ఇంటికొస్తన్నాడు.”

ఓనరుకు అర్థం కాలేదు. తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. నాకు మాత్రం, జీవితంలో మొదటిసారి, కొంచెం అర్థమైనట్టే అనిపించింది.