మేపుల్ ఆకు నమూనా

మొఘల్‌పురాలో రంగుల కరీం అంటే తెలియనివాళ్లు లేరు. వేలెడంత గుడ్డముక్క నమూనా ఇస్తే చాలు, సాయంత్రానికి దుపట్టా మొత్తం అదే రంగుకు తెచ్చి ముందు పెడతాడు. అలాంటివాడు పోయిన ఫిబ్రవరిలో నర్సరీ బండి దగ్గర ఆగి, మోకాలెత్తు మేపుల్ మొక్కను చంకనెత్తుకొచ్చాడు.

"చలి పడ్డదంటే దీని ఆకులు వాటంతటవే ఎర్రగైతయి భాయ్" అన్నాడట బండివాడు. ఆ మాటే కరీంను పట్టుకుంది. పొయ్యి లేదు, గిన్నె లేదు, రంగుపొడి లేదు. మరి రంగు వేసేదెవరు? నలభై ఏళ్లు రంగుల్లో చేతులు నానబెట్టినవాడికి ఆ సంగతి తెలుసుకోవాలనిపించదా?

"చలి దేశపు చెట్టుకు మన ఎండలేంది?" అని భార్య కుబ్రా నవ్వింది.

మేలో ఆకుల అంచులు మాడి పెళుసుగా చిట్లాయి. కరీంకు అన్నం సహించలేదు. చివరికి జవాబు తన పనిలోనే దొరికింది. బోరు నీళ్లలో ఉప్పెక్కువ, రంగు సరిగ్గా పట్టదని వాననీళ్లు డ్రమ్ముల్లో దాచుకునే మనిషి, మొక్కకు మాత్రం బోరు నీళ్లే పోస్తున్నాడు. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు. ఆనాటి నుంచి దాచిన నీళ్లలో రోజూ ఒక చెంబు మొక్కకు పోశాడు. మధ్యాహ్నపు ఎండ తగలకుండా మిద్దె మీద గోడవారకు జరిపి, పైన తడిగుడ్డ కట్టాడు. వానలు పడ్డాక చంటిపిల్లల అరచేతులంత కొత్త ఆకులు వచ్చాయి.

డిసెంబరులో చాయ్ కూడా తాగకుండా పొద్దున్నే మిద్దె ఎక్కేవాడు. ఒకరోజు ఎక్కి చూసి నిలువునా నీరుగారిపోయాడు. ఆకులన్నీ మట్టిరంగులో ఉన్నాయి. కుండీ ఎత్తుకుని మెట్ల వైపు నడిచాడు.

బట్టలు ఆరేస్తున్న కుబ్రా అడ్డొచ్చింది. "ఏడికి తీస్కపోతున్నరు?"

"పారేస్త. మళ్ల మాడిపోయింది."

"మాడుడేంది? ఎర్రగైనయి కదా. మస్తు ఎరుపు."

కరీం ఆకును కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఎండకు తిప్పాడు. మట్టిరంగే. తాడు మీది దుపట్టా ఒకటి లాగి, "ఇదేం రంగు?" అన్నాడు.

"ఎరుపే. మొన్న మీరేసిందే."

అతనికి అదీ మట్టిరంగులోనే కనిపించింది. రెండేళ్లుగా రంగులు మసకగా కనిపిస్తుంటే తప్పంతా పనిగదిలోని బల్బుదనుకున్నాడు. అంతలో పనివాడి అనుమానం తలెత్తింది.

"గట్లయితే రెండేండ్లల్ల ఒక్క గుడ్డన్న వాపస్ రాలేదు. ఎట్ల?"

కుబ్రా తడిబట్ట దులుపుతూ, అతని వైపు చూడకుండా చెప్పింది. "మీరు నమాజుకు పోయినంక గిన్నెల తక్కువైన రంగు నేను చిటికెడు ఏస్తున్న. చెప్తే మీ మనసు విరుగుతదని చెప్పలే."

కరీంకు కోపం వచ్చింది, సిగ్గు వేసింది. రంగు కలిపే గరిటె ఇంకొకరి చేతికి ఇచ్చి ఎరుగడు. కానీ ఏడాదిగా తొలుస్తున్న కుతూహలం ఆ రెండింటినీ మించిపోయింది.

"ఎట్లున్నది ఆ ఎరుపు?"

"మాటలల్ల చెప్పరాదు."

కంటి డాక్టరు శుక్లం బాగా ముదిరిందన్నాడు. ఆపరేషన్‌కు జనవరి చివర్లో తారీఖు దొరికింది. ఇంటికొచ్చేసరికి కుండీలో అప్పుడే నాలుగాకులు రాలి ఉన్నాయి. నెలాఖరుకు కొమ్మలే మిగులుతాయి.

సాయంత్రం కరీం తనే పొయ్యి వెలిగించాడు. గిన్నెలో వాననీళ్లు పోశాడు. రాలిన ఆకు ఒకటి తెచ్చి కుబ్రా చేతిలో పెట్టి, తను వెళ్లి గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇగో నమూనా. ఆపరేషన్‌దాక ఆకు ఉండదు, గుడ్డ ఉంటది. నువ్వెయ్యి. కండ్లొచ్చినంక చూస్త."

కుబ్రా కాసేపు ఆకునూ నీళ్లనూ మార్చి మార్చి చూసింది. తర్వాత కొంగు దోపుకుని, మొదటిసారి అతని కళ్లముందే, గిన్నెలో చిటికెడు రంగు వేసింది.