నీళ్లొచ్చే ఆదివారం

"నడుమునొప్పి ఎట్లుండాది పాపా?"

అంగన్‌వాడీలో పిల్లలకు ఉడికించిన గుడ్లు ఒలుస్తున్న ఎలిజబెత్ తలెత్తి చూసింది. మనవరాలిని ఆ రోజే చేర్పించడానికి వచ్చిన సుంకమ్మవ్వ. అడిగి ఊరుకోలేదు, వెనకవైపుకు వచ్చి ఎలిజబెత్ నడుము మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన కూడా చేసేసింది.

"నాకు నడుమునొప్పేంది అవ్వా?"

సుంకమ్మవ్వకు చెవులు బొత్తిగా వినపడవు. ఎదుటివాళ్ల నోరు చూసి మాట పట్టుకుంటుంది. ఎలిజబెత్ మళ్లీ అంటే అప్పుడు అర్థమైంది ఆమెకు.

"అదేందమ్మా! జబ్బుతో ఉండేవాళ్ల చీటీలో ఆదివారమాదివారం పాస్టరయ్య నీ పేరు చదువుతాడు గదా. మీ ఆయనే రాయించినాడు. లేయలేకుండా ఉండావంటే నేను మోకాళ్ల మీద పడి ఏడిసినా. ఏడు నెలలాయ."

ఏడు నెలలు. నిజమే, ఆ లెక్క ఎలిజబెత్‌కు వేళ్ల మీద ఉంది. బత్తలపల్లెలో వాళ్ల వీధికి వారానికి ఒక్కసారే నీళ్లు వదులుతారు. ఏడు నెలల కిందట ఆ ఒక్కసారిని ఆదివారానికి మార్చారు. పదింటికి వస్తాయి, పన్నెండున్నరకు పోతాయి. ఆరాధన సరిగ్గా అప్పుడే. అత్త రూతమ్మ తెల్లచీర కట్టుకుని చర్చిలో ముందు వరుసలో కూర్చోవాలి. మొగుడు శశికుమార్ సంఘ పెద్ద, కానుకల సంచి పట్టాలి. మరి డ్రమ్ములు ఎవరు నింపాలి? ఈ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ అడగనేలేదు. జవాబు అందరికీ తెలిసినప్పుడు అడగడమెందుకు? వారంలో ఆరు రోజులు ఊరి పిల్లల ముక్కులు తుడిచి, ఏడో రోజు వీధి కొళాయి దగ్గర నిలబడింది ఆమె. ఆ తర్వాత అన్నం వండింది. శశికుమార్ తింటూ ఆనాటి ప్రసంగం వినిపించేవాడు. "ఈ పొద్దు వాక్యం శానా బలంగా ఉండె. విశ్వాసులు ఒకచోట కూడాలంట. ఎవురింట్లో వాళ్లుంటే విశ్వాసం చల్లారిపోతాదంట. ఇంగొంచెం చారు పొయ్యి." పోసింది. ఏడు నెలలు పోస్తూనే ఉంది, తన విశ్వాసం చల్లారిందో లేదో ఎవరైనా అడుగుతారేమోనని చూస్తూ. అడగలేదు. ఆహా, అడగరెందుకో ఇప్పుడు తెలిసింది! జబ్బుమనిషి గదా తాను.

ఆ సాయంత్రం మొగుణ్ణి నిలదీసింది.

"సంఘ పెద్ద పెండ్లాము రాకుంటే నలుగురూ ఏమనుకుంటారు? జబ్బంటే ఎవురూ తప్పు పట్టరు."

"అబద్ధం గదా అది? దేవుని ముందర చెప్తివే!"

"అబద్ధమేముండాది? అన్ని బిందెలు మోసేదానికి నడుమునొప్పి ఉండదా?" అన్నాడు. పైగా నవ్వాడు.

పక్క గదిలోంచి అత్త అందుకుంది. "ఊరంతా నీ కోసరం ప్రార్థన చేస్తాండారు. ఎవురికుండాది అంత భాగ్యం? గమ్మునుండు."

ఎలిజబెత్ వంటింట్లోకి పోయి పొయ్యి ముట్టించింది. ఆమె పుట్టిల్లు విడపనకల్లు. అక్కడ బుధవారం సాయంత్రం ఆడవాళ్ల కూడిక. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు మట్టికాళ్లతోనే చాప మీద ఇరుక్కుని కూర్చునేవాళ్లు. ఒకరి కొడుకు తాగుతాడు, ఒకరికి పురుగు పడి చెనిక్కాయ పంట పోయింది, ఒకరికి నెల తప్పడం లేదు. ఒకరు చెప్పుకుంటే పక్కనున్నవాళ్లు చెయ్యి పట్టుకుని ఏడ్చేవాళ్లు. ఆ ఏడుపులో తన బాధ కూడా కలిసిపోయి ఇంటికి తేలిగ్గా వచ్చేది. దేవుడు అన్నిచోట్లా ఉంటాడు, కొళాయి దగ్గర కూడా ఉంటాడు, కాదనలేదు ఆమె. కానీ పక్కన ఇంకో మనిషి భుజం తగలాలి. అది లేకుండా ఆమె ప్రార్థన నోటి దగ్గరే ఆగిపోతోంది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికి చెప్పాలి?

అంతలో ఒక శనివారం పెద్ద పైపు పగిలింది. మరునాడు నీళ్లు రావు. వీధి వీధంతా నెత్తిన చేతులు పెట్టుకుంటే ఎలిజబెత్ ఒక్కతే పెట్టెలోంచి మంచి చీర తీసింది.

"వస్తే సాక్ష్యం చెప్పాల," అన్నాడు శశికుమార్ ముఖం గంటు పెట్టుకుని. "జబ్బు చీటీలో ఉండే మనిషి లేసొస్తే చెప్పకుండా ఉంటే బాగుండదు. నయమయిందని రెండు ముక్కలు చెప్పి కూచో."

చెప్తాను, అనుకుంది ఆమె. రెండే ముక్కలు చెప్తాను.

ధర్మవరం నుంచి బస్సులో వచ్చి మళ్లీ బస్సులోనే పోయే పాస్టరుగారు ఆమెను చూసి పొంగిపోయి ముందుకు పిలిచారు. మైకు పాడైంది, కొత్తది ఇంకా రాలేదు. ఎలిజబెత్ కొంగు తల మీదికి లాక్కుంది. ఎదురుగా అందరి ముఖాలూ ఉన్నాయి. ఏడు నెలలు తాను చూడాలని తపించిన ముఖాలు.

"నాకు ఏ జబ్బూ లేదు," అంది.

"స్తోత్రం! హల్లెలూయ!"

గది దద్దరిల్లింది. చప్పట్లు, డోలక్కు, కంజీర. ఎలిజబెత్ గొంతు పెంచింది. "ఆదివారం మా వీధికి నీళ్లొస్తాయి! ఇంట్లో ఇంగెవురూ పట్టరు! అందుకే నేను..." ఎవరికి వినబడుతుంది? అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది శశికుమారే. రూతమ్మ ఆనందబాష్పాలు తుడుచుకుంది. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు, పాడుతూనే జేబులోంచి చీటీ తీసి ఆమె పేరు కొట్టేశారు. చివరికి ఎలిజబెత్ వెళ్లి కూర్చుంది. ఇంకేం చేస్తుంది?

బయట చెప్పులు వేసుకుంటుంటే సుంకమ్మవ్వ వచ్చి ముంజెయ్యి పట్టుకుంది.

"వాళ్ల చప్పట్లు నాకినపడవు గదమ్మా. నేను నీ నోరే చూస్తా ఉండినా. నీళ్లంటివి నువ్వు."

ఎలిజబెత్ వెక్కివెక్కి ఏడ్చింది, చర్చి గుమ్మంలోనే. అవ్వ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "నేనేం జేయగలనమ్మా? నా మాట ఎవురింటారు?" అంది.

తర్వాతి ఆదివారం నీళ్లు మామూలుగానే వచ్చాయి. ఆ వారమే కొత్త మైకు సెట్టు వచ్చింది. శశికుమార్ దగ్గరుండి చర్చి గోపురానికి హారను కట్టించాడు, ఇప్పుడు రెండు వీధుల అవతలికి కూడా ప్రతి మాటా వినిపిస్తుంది. కొళాయి దగ్గర ఎలిజబెత్ రెండో బిందె ఎత్తుతుంటే సుంకమ్మవ్వ తన బిందె చంకన పెట్టుకుని వచ్చింది.

"ఇద్దరం పడితే బిరీన అయిపోతాది. ఆఖరి ప్రార్థనకన్నా పోదాం పా."

కొళాయి ఒక్కటే. సన్నటి ధార. ఇద్దరున్నా పదిమందున్నా డ్రమ్ము నిండేటప్పుడే నిండుతుంది. ఆ మాట అవ్వతో అనడానికి ఎలిజబెత్‌కు మనసు రాలేదు.

హారనులో జబ్బుమనుషుల చీటీ చదవడం మొదలైంది. తన పేరు లేదు. ఇక మీదట ఉండదు కూడా. తాను వస్తే సరే, రాకున్నా సరే, ఎవరూ అడగరు. అప్పుడు పాస్టరుగారి స్వరం ఆగి, మళ్లీ వచ్చింది.

"ఎన్నడూ ఆరాధన మానని మన సుంకమ్మగారు ఈ ఉదయం కనబడటం లేదు. ఆరోగ్యం బాగలేదని తెలుస్తోంది. ఆమె స్వస్థత కోసం అందరం ఏకమనసుతో ప్రార్థిద్దాం."

ఎలిజబెత్ చేతిలో బిందె అలాగే ఉండిపోయింది.

"ఏందమ్మా, ఏమంటాండారు ఆడ?" అంది అవ్వ ఆమె ముఖం చూసి.

ఎలిజబెత్‌కు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. అవ్వకు కనబడేలా ముఖం తిప్పి, ఒక్కో మాటా విడదీసి పలికింది. "నీకు జబ్బంట అవ్వా. ఊరంతా ప్రార్థన చేస్తాండారు."

అవ్వ తడిచేతిని ఎలిజబెత్ భుజం మీద వేసింది.

"సరే, ఆమెన్ అనేసి బిందె పట్టు పాపా. కొళాయి పోతాది."