పైడితల్లి చీటీ

నేను ఒక సొట్టపడ్డ రేకు డబ్బాని. పుట్టింది విశాఖపట్నంలో. మొదట బిస్కెట్లు మోశాను, తర్వాత సుగుణమణి టీచరు వంటింట్లో చింతపండు. ఆ వాసన నన్నింకా వదల్లేదు. ఒకరోజు ఆవిడ నన్ను శుభ్రంగా తోమి, విజయనగరం దగ్గర తాను పనిచేసే బడికి పట్టుకుపోయి, ఐదో తరగతిలోని ముప్పై మంది పేర్లూ చీటీల మీద రాసి నాలో వేసింది.

ఎందుకంటారా? ఏ ప్రశ్న అడిగినా ముందు బెంచీలో నలుగురే చేతులెత్తేవారు. మిగతావాళ్లు హాయిగా కిటికీలోంచి కాకుల్ని చూసేవారు. ఇక నుంచి ముందు ప్రశ్న, తర్వాత చీటీ. పేరొచ్చినవాళ్లు లేవాలి. టీచరు మనసులో పది లెక్కపెట్టేదాకా ఇంకెవరూ నోరు మెదపకూడదు. అప్పటికీ తెలియకపోతే పక్కవాళ్లని అడిగి, సొంత మాటల్లో చెప్పాలి. అబ్బో, కాకుల్ని చూసే నాథుడే లేకుండా పోయాడు!

ఒకసారి వెనక బెంచీ పైడితల్లి పేరొచ్చింది. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా? "నాలుగో వంతండి" అంది. క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల మొహం చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఆ రోజునుంచి పాత కాగితాలు మడతపెట్టి, చింపి, పక్కపక్కన పెట్టి చూసుకుంటూనే ఉంది. తన పేరు మళ్లీ ఎప్పుడొస్తుందా అని నాకేసే చూసేది.

ఇంతలో తనిఖీ వచ్చిపడింది. ఆ ఉదయం హెడ్మాస్టరు అప్పలస్వామిగారు గుమ్మంలోనే నిలబడి, "ఆ పైడితల్లి చీటీ తీసీండమ్మా. దాని పేరొచ్చిందంటే మన పరువు పోద్ది" అన్నారు. టీచరు కాసేపు తటపటాయించింది. పాపం, పిల్ల మళ్లీ నవ్వులపాలవుతుందని తనకు తానే సర్దిచెప్పుకుని, చీటీ తీసి పర్సులో దాచింది. నాకు నోరుంటే అరిచి గోల చేసేదాన్ని.

అధికారి వచ్చి, పుస్తకం తిరగేసి, సరిగ్గా ఆ వంతుల పాఠమే పట్టుకున్నారు. ఆయన చెయ్యి నాలో పడ్డ ప్రతిసారీ పైడితల్లి బెంచీ మీంచి సగం లేచేది. ఇంకో పేరు వినగానే కూలబడేది. ఆరు చీటీలు తీశారు. ఆరుగురూ టకటకా చెప్పారు. "భేష్" అని ఆయన వెళ్లిపోయారు.

అప్పుడు ఆ పిల్ల గబగబా వచ్చి నన్ను బల్ల మీద బోర్లించింది. చీటీలన్నీ ఒక్కొక్కటే విప్పింది. తీసినవీ చూసింది.

"టీచర్, నా పేరు లేదండి. ఏటైపోనాది?"

టీచరు పర్సుకేసి చూసింది. ముందు బెంచీవాడు ఏదో అనబోతే పైడితల్లి చెయ్యెత్తి ఆపింది. తన పెదవులు మాత్రం కదులుతున్నాయి.

"పది లెక్కెట్టీసినానండి, టీచర్."

టీచరు పర్సు తెరిచి చీటీ తీసింది. "నేనే తీసేశానమ్మా. నీకు రాదనుకున్నాను. తప్పు నాదే."

పైడితల్లి చీటీ అందుకుని, విప్పి చూసుకుని, నాలో వేసింది. "మూడో వంతే పెద్దదండి. ముగ్గురే పంచుకుంటే ఒక్కొక్కలకి ఎక్కువొస్తాది" అంది, ఎవరూ అడక్కుండానే.

ఇప్పుడు తుప్పుపట్టి బీరువా మీద కూర్చున్నాను. ఆ ఏడాది చివరిదాకా నాలో ముప్పై ఒక్క చీటీలున్నాయి. ఆ అదనపు చీటీ మీద సుగుణమణి అని ఉండేది. అది వచ్చినప్పుడల్లా టీచరు లేచి నిలబడేది. ప్రశ్న పిల్లలు అడిగేవారు. పది లెక్కపెట్టేది మాత్రం పైడితల్లే.