మధ్యాహ్నపు కణాలు

అత్తగారికి వడ్డిస్తూనే ఆమె గడియారం చూసుకుంది. పన్నెండున్నర. ల్యాబ్‌లో గుండె కణాలు ఎదురుచూస్తున్నాయి. పొద్దున విడదీసిన కణం సాయంత్రం దాటి బతకదు. మనుషుల్లా ఫోన్ చేసి దెప్పదు కూడా, ముడుచుకుని ఊరుకుంటుంది.

"వేడిగా పెట్టకపోతే అమ్మకు సహించదు," అన్నాడు భర్త పెళ్ళయిన కొత్తలో. ఆయన ఆఫీసు ఇంటికి రెండు వీధుల అవతల, ఆమె ల్యాబ్ బస్సులో ముప్పావుగంట. అయినా పరిగెత్తి వచ్చేది ఆమే. "నీకేం, ల్యాబ్‌లో నీ పైన ఉన్న ప్రొఫెసరు ఆడమనిషేగా, అర్థం చేసుకుంటుంది," అనేవాడు. ప్రొఫెసరమ్మ నిజంగానే అర్థం చేసుకుంది. ఆ మంచితనమే ఇప్పుడు ఈమె మనసును కోసేస్తోంది.

ఎర్రకణాలు పగిలినప్పుడు రక్తంలోకి వచ్చే ఒక అణువు మీద వాళ్ళ పని. గుండె కొట్టుకోవాలంటే ప్రతి కణంలోనూ సోడియం లోపలికి వచ్చే సన్నని ద్వారాలు తెరుచుకోవాలి. ఆ అణువు తగిలితే అవి సరిగ్గా తెరుచుకోవడం లేదని, కణంలోకి వెళ్ళే కరెంటు సగానికి పడిపోతోందని ఆమె చూపించింది. ఎనిమిది నెలల చాకిరీ. ప్రొఫెసరమ్మ అందరి ముందూ భుజం తట్టింది. శుక్రవారం వ్యాసం పరిశోధన పత్రికకు వెళ్తుంది.

పోయిన వారం నోటుబుక్కు తిరగేస్తుంటే ఒక సంగతి కంటబడింది. అణువు వేయని కణాలన్నీ పొద్దున కొలిచినవి. వేసినవన్నీ మధ్యాహ్నం, ఇంటినుంచి తిరిగొచ్చాక. ఒక్కరోజు కూడా తారుమారు కాలేదు. కణం మధ్యాహ్నానికి దానంతటదే డీలాపడుతుంది. మరి పడిపోయిన కరెంటులో అణువు చేసిందెంత, అత్తగారి భోజనవేళ చేసిందెంత? రేపు ఏ డాక్టరో ఇది నమ్మి మంచం మీదున్న మనిషికి మందు మారిస్తే? వారంగా నోరు విప్పలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ప్రొఫెసరమ్మ "ఒకసారి రా" అంటే చాలు ఉలిక్కిపడుతోంది. ఇంట్లో ఉంటే ల్యాబ్‌కి, ల్యాబ్‌లో ఉంటే ఇంటికి ద్రోహం చేస్తున్నానని ఇన్నేళ్ళూ ఊరికే కుమిలింది. ఈ తప్పు మాత్రం నిజంగా తనదే.

"రోజూ ఈ పరుగులేమిటే?" అంది అత్తగారు ముద్ద కలుపుతూ. "చల్లారినా తింటాను నేను. వాడికి మొదట్లోనే చెప్పా. నీతో అనలేదా?"

ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. తర్వాత గిన్నెల మీద మూతలు పెట్టి బస్సెక్కింది.

ల్యాబ్‌లో ప్రొఫెసరమ్మ నోటుబుక్కు సంగతి పూర్తిగా విని కళ్ళజోడు తీసింది. "ప్రతిరోజూ వేయనివి పొద్దున, వేసినవి మధ్యాహ్నమేనా? ఎందుకలా?"

పొరపాటు మేడమ్ అనబోయి ఆగింది. "మీకు తెలుసుగా, మధ్యలో ఇంటికెళ్ళి మా అత్తగారికి భోజనం పెట్టి వచ్చేదాన్ని. వెళ్ళేలోపు ఇవి, వచ్చాక అవి. వారం క్రితమే తెలిసింది. చెప్పే ధైర్యం లేకపోయింది."

"వారమా!" ఆ ఒక్క మాట చెంపదెబ్బలా తగిలింది. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని అంది, "శుక్రవారం ఏదీ వెళ్ళదు. రేపటినుంచి మళ్ళీ మొదలుపెట్టు."

మర్నాడు ఆమె అణువును పొద్దున్నే వేసింది. అణువు వేయని కణాలను మధ్యాహ్నానికి ఉంచింది. పదకొండున్నరకు ఫోన్ మోగింది.

"బయల్దేరావా? అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది."

"మీరు వెళ్ళి పెట్టండి. రెండు వీధులేగా," అందామె, మైక్రోస్కోపు మీదినుంచి కన్ను తీయకుండా. "వేడి చేయక్కర్లేదు. ఆ సంగతి మీకు మొదట్నుంచీ తెలుసట."