జేబు లేని కోటు

మిరప కోతకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌చేతుల చొక్కా వేసుకుంటారు. గురజాల చుట్టుపక్కల ఏ చేలో చూసినా అంతే. కొమ్మలు గీరకుండా, మంట ఒంటికి ఎక్కకుండా. యశస్విని పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. గుంటూరులో ఫ్యాషన్ డిజైన్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు విషయం వెతుక్కుంటుంటే, మీ వైపు ఎవరూ డిజైన్ చేయని బట్ట ఏదైనా ఉందా అని జాహ్నవి మేడమ్ అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది.

కోత కూలీల కోసం ఒక కోటు తయారుచేయాలనుకుంది. అంతకుముందు మిరప దుమ్ము చొక్కాలో ఎక్కడెక్కడ చేరుతుందో తెలియాలి. అందుకు వాడిన చొక్కాలు కావాలి.

జనవరిలో, మొదటి కోత అప్పుడు, తండ్రి త్రికోటేశ్వరరావు చేనుకు వెళ్లింది. సాయంత్రం పని దిగి చొక్కాలు దులుపుకోబోతున్న వాళ్లను ఆపింది. ఉతక్కుండా, దులపకుండా కావాలని, కాలేజీలో పరీక్ష చేయాలని, ఒక్కో చొక్కాకు బదులు ఒక్కో కొత్త కోటు కుట్టించి తెస్తానని చెప్పింది.

"చొక్కాలకు గూడా కరోనా టెస్టా ఏంది?" అని ఒకామె అంటే మిగతావాళ్లు నవ్వారు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాడే నయం, వాడు గిన్నె ముందు చూపిస్తాడని ఇంకొకామె ఎత్తిపొడిచింది. అంటూనే విప్పి ఇచ్చారు.

మణెమ్మ అందరికంటే ఆఖర్న ఇచ్చింది. తెల్లబట్ట మీద నీలిగీతల చొక్కా. గుండీలన్నీ తీసి, మడత పెట్టబోయింది. మడత పెడితే దుమ్ము చెదురుతుందని యశస్విని ప్లాస్టిక్ కవరు పట్టింది. మణెమ్మ అందులో వేసింది.

ల్యాబులో చొక్కాలను భాగాలుగా కత్తిరించారు. కాలరు, చేతి పట్టీ, చంక, జేబు వేరుచేసి, ఒక్కో ముక్కను ద్రావకంలో నానబెట్టి కారం ఎంత వదులుతుందో కొలిచారు. వీపు బట్టను పట్టీలుగా కోసి, ఎంత బరువుకు చిరుగుతుందో మిషన్ మీద లాగి చూశారు. దుమ్ము ఎక్కువగా జేబులోనూ చేతి మడతలోనూ చేరుతోందని తేలింది. దాని ప్రకారం యశస్విని కోటు గీసింది. ముందువైపు దగ్గరి నేత, వీపు వైపు గాలి ఆడే నేత. చేతులకు మడత బదులు ఎలాస్టిక్. జేబు లేదు.

పరిశోధన వివరాలతో తయారుచేసిన బోర్డు మీద ఒక జేబును అతికించింది. తెల్లబట్ట మీద నీలిగీతల జేబు. దాని మూల చిరిగితే ఎవరో ఎర్రదారంతో కుట్టారు. అరుగుదల చూపించడానికి అదే బాగుందని ఎంచుకుంది. పరీక్షకు వచ్చినాయన దాని ముందు ఆగి, ఈ ఎంపిక బాగుందన్నాడు. బోర్డును విజయవాడలో జరిగే విద్యార్థుల పోటీకి పంపాలని కాలేజీ వాళ్లు నిర్ణయించారు.

రెండో కోతకు కుట్టించిన కోట్లు పట్టుకొచ్చింది. ఆడవాళ్లు వేసుకుని చేతులు చాపి చూసుకున్నారు. గాలి ఆడుతోందన్నారు. మణెమ్మ తన కోటు తీసుకుని, కవర్లున్న సంచీ వైపు చూసింది.

"నాదేదమ్మాయ్?"

"నీ చేతిలోదేగా అత్తా."

"ఇది గాదు. నా చొక్కా."

పక్కనున్న ఆమె చెప్పింది. ఆ చొక్కా మణెమ్మ భర్త వెంకటప్పయ్యది. కూతురి పెళ్లికి గురజాలలో కొన్నాడు. నిరుడు గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ నాడు ఆయన బట్టలన్నీ ఇచ్చేశారు. ఇదొక్కటి కోతకు పనికొస్తుందని మణెమ్మ ఉంచుకుంది. కోతకు అనేసరికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

చొక్కా ముక్కలైందని యశస్విని ఆ రోజు చెప్పలేదు. తెస్తానంది.

కాలేజీకి వెళ్లి వెతికింది. నానబెట్టిన ముక్కలు చెత్తలోకి వెళ్లిపోయాయి. పట్టీలు మిషన్ మీద చిరిగాయి. మిగిలింది బోర్డు మీద జేబే. దాన్ని తీసేస్తానని జాహ్నవి మేడమ్‌తో చెప్పి, ఎందుకో కూడా చెప్పింది. టెస్టుకిచ్చిన శాంపిల్ తిరిగి రాదని నీకు తెలుసు కదా అన్నారు మేడమ్. తెలుసంది.

"ఆ సంగతి వాళ్లకు చెప్పావా?"

లేదంది యశస్విని. జేబు లేకపోతే బోర్డు పోటీకి పోదని మేడమ్ చెప్పారు. బ్లేడుతో అంచులు లేపి, జేబు చిరక్కుండా ఊడదీయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పోటీకి ఇంకొకరి బోర్డు పంపారు.

ఆదివారం చేనుకు వెళ్లేసరికి మణెమ్మ సాలు మధ్యలో ఉంది. కోటు వేసుకునే కోస్తోంది. యశస్విని జేబు ఇచ్చింది. మణెమ్మ తిప్పి చూసింది. వెనక జిగురు ఎండి అట్టలా ఉంది. గోరుతో గీకింది. రాలేదు.

"మిగతాది?"

యశస్విని జరిగింది చెప్పింది. కత్తిరించడం, నానబెట్టడం, లాగడం. మణెమ్మ ఎర్రదారం మీద బొటనవేలు పెట్టుకుని విన్నది.

"పొగాకు పొట్లం పెట్టి పెట్టి ఇక్కడ చించాడు," అంది. "కూతురి పెళ్లి చొక్కా, చించబాకయ్యా అంటే వినేవాడా."

"అప్పుడే చెప్పాల్సింది కదత్తా. నీది వదిలేసేదాన్ని."

మణెమ్మ తలెత్తింది.

"మీ చేలో నిలబడి అడిగావు. ఇయ్యనని ఎట్టా అంటా?"

సాలు చివర నుంచి ఎవరో, కాయ పండిపోతోంది, ముచ్చట్లు తర్వాత పెట్టుకోమని కేకేశారు.

"కోటు బానే ఉందిలే," అంది మణెమ్మ. "మంట చానా తగ్గింది."

జేబును మడిచింది. జిగురు వల్ల సరిగా మడత పడలేదు. అలవాటుగా చెయ్యి కోటు ఎడమవైపుకు పోయింది. అక్కడ నున్నటి బట్ట. కాసేపు అక్కడే తడిమి, కోటు అంచు ఎత్తి, మడతను నడుము దగ్గర చీరకుచ్చిళ్లలో దోపుకుంది. మళ్లీ చెట్టు మీదికి వంగింది.