ముప్ఫై చుట్లు

గొట్టాన్ని నీళ్ళతొట్టిలో ముంచి, మూర మూరకీ నొక్కి చూస్తున్నాడు. ఎక్కడైనా ఆవగింజంత బుడగ లేస్తుందేమోనని కళ్ళార్పడం లేదు. ఏమీ లేవలేదు. అయినా మళ్ళీ మొదటి కొసకి వచ్చాడు. ఈ పొద్దుటికి ఇది మూడోసారి.

"ఎన్నిసార్లు తడుముతావయ్యా? పాపం, దానికి చక్కిలిగింత పుడుతుంది," అన్నాడు తాడు పట్టే పెద్దాయన, పంటు అంచున కూర్చుని తన తాడు చుట్ట విప్పుకుంటూ.

అతను నవ్వలేదు. బల్లపరుపుగా ఉండే ఆ పంటు పడవ రేవుకి దూరంగా నాలుగు లంగర్ల మధ్య నిలబడి ఉంది. దాని నడిమధ్యన నడుమెత్తు చెక్కపెట్టె. పెట్టెకి అటొకటి ఇటొకటి ఇనపచక్రాలు, చక్రాలకి పిడులు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి వాటిని తిప్పితే, గాలి ఈ గొట్టంలోంచి నీళ్ళ అడుక్కి పోతుంది. అక్కడ రాగితో చేసిన బుర్ర తగిలించుకుని పనిచేసే మనిషి ఆ గాలి పీల్చి బతుకుతాడు. ఇరవై ఆరేళ్ళుగా అతను చేస్తున్న పని ఆ చక్రం తిప్పడమే. రేవులో అందరూ అతన్ని గాలోడనే పిలుస్తారు. "ఊళ్ళో గాలోళ్ళు బోలెడుమంది, జీతమిచ్చి పెట్టుకున్న గాలోడు మాత్రం ఈయనొక్కడే" అని నవ్వుకునేవాళ్ళు. మొదట్లో మొహం మాడ్చుకునేవాడు. తర్వాత అదే పేరైపోయింది, పలకడం అలవాటైపోయింది.

గొట్టం పైకి తీసి తుడిచాడు. పెట్టె మూత ఎత్తి లోపలి తోలు వాషర్లకి నూనె రాశాడు. అంతా కుడిచేత్తోనే. ఎడమ చెయ్యి మూడు రోజులుగా మోచేతి నుంచి చిటికెనవేలి దాకా తిమ్మిరెక్కుతోంది. వస్తుంది, పోతుంది. మెట్లెక్కితే రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుంటుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే మేస్త్రీ చక్రం దగ్గర్నుంచి తీసేస్తాడు.

పొద్దున గంజి పోస్తూ భార్య తన మణికట్టు చూపించింది. ఎర్రగా కందిపోయి ఉంది.

"నిద్దట్లో కూడా తిప్పుతావేంటయ్యా? తెల్లార్లూ నా చెయ్యి పట్టుకుని ఒకటే తిప్పడం. ఇది విరిగితే నీకెవరు వండిపెడతారు?"

నవ్వుతూనే అంది. కానీ గిన్నె అందుకోవడానికి అతని ఎడమ చెయ్యి లేవకపోవడం చూసింది. చూసి, గిన్నెని కుడిచేతి వైపు జరిపింది. దారంతా అతనికి అదే గుబులు. ఆవిడ ఎంత కనిపెట్టింది? వెళ్ళి ఎవరికైనా చెబుతుందా?

తమ్ముడు పడవ దిగి పంటెక్కాడు. నీళ్ళలోకి దిగేది తమ్ముడే. అతనికంటే పద్నాలుగేళ్ళు చిన్నవాడు, అమ్మ పోయాక అతని వీపు మీద పెరిగినవాడు. ఇద్దరి మధ్యా మాటలు నిలిచిపోయి ఇరవై నెలలైంది.

"పెద్దాయనా, గొట్టం చూశారో లేదో అడుగు," అన్నాడు తమ్ముడు, రబ్బరు తొడుగులో కాళ్ళు దూర్చుకుంటూ.

గాలోడు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. "మూడుసార్లు చూశానని చెప్పు," అన్నాడు పెట్టె వైపు తిరిగి.

పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మూడుసార్లు చూశాడట. వినపడిందా, మళ్ళీ చెప్పనా? నా ఖర్మ! ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్ళకి నేను దుబాసీని."

రోజూ ఎదురు చక్రం తిప్పే మనిషికి జ్వరం. బదులుగా రేవులో మూటలు మోసే ఆయన్ని పంపారు. కొండలాంటి మనిషి. పిడి చేతికందగానే గిరగిరా తిప్పేశాడు.

"అలా కాదు," అన్నాడు గాలోడు కంగారుగా. "బలం వద్దు, వరస కావాలి. నిమిషానికి ముప్ఫై చుట్లు. తగ్గితే కింద వాడికి ఊపిరాడదు. పెంచితే ముందు నువ్వే పడిపోతావు."

"ఈమాత్రానికి నేనెందుకు? మా అమ్మమ్మ చాలు."

"గంట ఆగి అను ఆ మాట."

రాగి బుర్ర తమ్ముడి భుజాల మీదికి దించి మరలు బిగించారు. ముందరి గాజు మూసేదాకా గుండ్రటి కంతలో అతని మొహం కనిపిస్తూనే ఉంది. ఎప్పట్లాగే అన్న వైపు చూడలేదు. సీసపు బూట్లతో ఒక్కొక్క మెట్టూ దిగి నీళ్ళలో కలిసిపోయాడు. బుడగలు లేచాయి.

ఒకటి, రెండు, మూడు. గాలోడి పెదాలు కదలవు. లెక్క నడుములోంచి వస్తుంది. ముప్ఫై తర్వాత మళ్ళీ ఒకటి. ముప్ఫై ఒకటి అనేది అతని బతుకులోనే లేదు.

అడుగున, ఏడు నిలువుల లోతులో, ఒక సరుకు పడవ మునిగి రేవుదారికి అడ్డం పడింది. దాని దూలాలు ఒక్కొక్కదానికీ గొలుసు బిగించాలి. గంటన్నర పైన పడుతుంది. తాడు ఒకసారి గుంజితే బాగున్నానని, రెండుసార్లు గుంజితే వదులు చెయ్యమని, నాలుగుసార్లయితే పైకి లాగమని.

"ఒకటి. బాగున్నాడు," అన్నాడు పెద్దాయన.

ఆ మాట వినగానే గాలోడి భుజాలు కొంచెం దిగుతాయి. వెంటనే మళ్ళీ బిగుసుకుంటాయి. బాగున్నది ఆ గుంజిన క్షణంలో కదా. ఇప్పుడో?

తనూ ఒకసారి దిగాడు, ఇరవై రెండేళ్ళప్పుడు. మూడు నిలువులు. గాజు అవతల నల్లటి నీళ్ళు. గాలి వస్తూనే ఉంది, కానీ వచ్చిన ప్రతి ఊపిరీ ఇదే ఆఖరిదేమో అనిపించింది. పైన ఎవడో తిప్పుతున్నాడు. వాడికి దగ్గొస్తే? వాడు ఎవరితోనో మాట్లాడుతూ చెయ్యి ఆపితే? నాలుగుసార్లు గుంజాడు. లాగారు. మర్నాటి నుంచి చక్రం పట్టుకున్నాడు. తమ్ముడు దిగుతానన్నప్పుడు మూడు రోజులు బతిమాలాడు. నాలుగోరోజు మేస్త్రీ దగ్గరికి పోయి, వాడు దిగిన ప్రతిసారీ చక్రం తన చేతిలోనే ఉండాలన్నాడు. రెండుసార్లు స్టోరులో కూర్చునే పని ఇస్తామన్నారు. "వాడు అడుగున ఉంటే నేను ఒడ్డున మేకులు ఏరుకుంటూ కూర్చోనా?" అని వద్దన్నాడు.

ఆ తమ్ముడే ఒక భోజనాల పంక్తిలో నలుగురి ముందూ అన్నాడు: "మా అన్న కూడా దిగాడండోయ్. నీళ్ళు మోకాళ్ళు దాటకముందే అమ్మా అన్నాడు." పంక్తంతా గొల్లుమంది. తనూ నవ్వాడు. చెయ్యి కడుక్కుని ఇంటికి వచ్చేశాడు. అంతే.

"వచ్చే నెల యంత్రం వస్తుందట," అన్నాడు పెద్దాయన, తాడు మీంచి చూపు తిప్పకుండా. "బొగ్గేస్తే దానంతటదే తిప్పుతుందట."

"దానికి భయం ఉంటుందా?"

"యంత్రానికి భయమేంటయ్యా?"

"మరెలా తిప్పుతుంది?"

పెద్దాయన నవ్వాడు. గాలోడు నిజంగానే అడిగాడు.

నలభై నిమిషాలు దాటాక మోకాలు వచ్చి రొమ్ము మీద కూర్చుంది. ఈసారి లేవలేదు. ఎడమ చెయ్యి పిడి మీద ఉందో లేదో చూస్తే గానీ తెలియడం లేదు. కుడిచేత్తోనే నెట్టాడు. చక్రం పైకి వచ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగి, దిగేటప్పుడు తూలింది. కుంటివాడి అడుగులా. పళ్ళు బిగించి సరిచేశాడు. నాలుగు చుట్లు బాగా వచ్చాయి. అయిదోది మళ్ళీ కుంటింది. ఎదురుగా మూటలాయన చెమటతో తడిసి ముద్దయ్యాడు. అమ్మమ్మ మాట మళ్ళీ ఎత్తలేదు.

"నాలుగు!" పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "పైకి లాగమంటున్నాడు. పని సగం కూడా కాలేదే!"

లాగాడు. తాడు రెండు బారలు వచ్చి బిగుసుకుపోయింది. కింది నుంచి రెండు గుంజులు వచ్చాయి. వదిలాడు. మళ్ళీ లాగాడు. రాలేదు. గొట్టం నీళ్ళలోకి దిగేచోట పక్కకి ఒరిగి, వీణతీగలా వణుకుతోంది.

"గొట్టం దేనికో చిక్కుకుంది," అన్నాడు పెద్దాయన. తర్వాత తలెత్తి గాలోడి మొహం చూసి ఆగిపోయాడు. "అదేంటయ్యా, మొహం బూడిదలా ఉంది? పెదాలు నల్లబడ్డాయి! తప్పుకో, నేను తిప్పుతా."

"తాడెవరు పడతారు?"

పంటు మీద ఉన్నది ముగ్గురే. పెద్దాయన ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో గుడ్డ ఊపుతూ రేవు వైపు గొంతు చించుకుని అరిచాడు. చాలాసేపటికి ఒక పడవ కదిలింది. అరచేతంత పడవ, అంత దూరాన.

"పది చుట్లు నువ్వొక్కడివే లాగగలవా?" అని గాలోడు మూటలాయన్ని అడిగాడు. భుజం మీది తువ్వాలు తీసి, ఎడమ చేతిని పిడికి ఆనించి, పళ్ళతో పట్టి మూడు చుట్లు చుట్టి బిగించాడు. తొమ్మిదో చుట్టుకే తన వరసలోకి వచ్చేశాడు.

ఇరవై ఒకటి. ఇరవై రెండు. తాడు కదల్లేదు. చక్రం ఆగిపోయినా, బుర్రలో మిగిలిన గాలి అయిదారు నిమిషాలకి సరిపోతుందని అతనికి తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ నిమిషాలు లెక్కపెట్టుకునేది కింద వాడు. ఇరవై తొమ్మిది. ముప్ఫై. ఒకటి. కళ్ళలోకి చెమట దిగింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పంటు ఒక పక్కకి వాలుతున్నట్టుంది. వాలేది పంటు కాదని కూడా తెలుస్తోంది. ఇప్పుడు కాదు, అనుకున్నాడు. ఈ ముప్ఫై అయ్యాక. ఆ ముప్ఫై అయ్యాక ఇంకో ముప్ఫై.

"వదిలింది!" అని అరిచాడు పెద్దాయన. "నాలుగు గుంజాడు! వస్తున్నాడు!"

బుడగలు దగ్గరయ్యాయి. రాగి బుర్ర నీళ్ళ పైకి తేలి, నిచ్చెనంట ఎక్కింది. అయినా చక్రం ఆగకూడదు. ముందరి గాజు తీసేదాకా లోపల మనిషి పంపు గాలే పీల్చాలి. తమ్ముణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి పెద్దాయన గాజు విప్పాడు.

"చాలు."

గాలోడు ఆపాడు. పెట్టెకి వీపు ఆనించి నెమ్మదిగా కిందికి జారాడు. ఎడమ చెయ్యి పిడికి కట్టే ఉంది, అటక మీది సామాను అందుకుంటున్నట్టు.

తమ్ముడు నీళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు. బుర్ర, బరువు కోసం ఒంటికి కట్టిన సీసపు బిళ్ళలు విప్పేదాకా తల తిప్పడానికి లేదు.

"అన్నా," అన్నాడు. కుండలోంచి వచ్చినట్టు వచ్చింది గొంతు.

కాసేపటికి, "ఊఁ," అన్నాడు గాలోడు.

"నీకేమైంది? అన్ని దూలాలు మిగిలుండగా నేనెందుకు గుంజాననుకున్నావు? నీ చుట్టు కుంటింది. పదకొండేళ్ళుగా పీలుస్తున్నా, నీ గాలి నాకు తెలీదా? గడియారం తప్పినా నువ్వు తప్పవు. అన్నకి ఒంట్లో బాలేదనుకుని కంగారుగా తిరిగా. గొట్టం దూలం కింద పడింది."

"వచ్చావుగా," అన్నాడు గాలోడు.

"వచ్చాను. ఆ రోజు పంక్తిలో అన్న మాట..." తమ్ముడు ఆగాడు. పెద్దాయన మరలు విప్పుతూనే ఉన్నాడు. "మొదటిసారి దిగినప్పుడు నేనూ భయపడ్డానన్నా. గుంజబోయాను కూడా. చక్రం దగ్గర ఉన్నది నువ్వని గుర్తొచ్చి ఆగాను. చెప్పాల్సింది ఆ మాట. నలుగురూ ఉన్నారని ఇంకోటి వాగాను."

"ఊఁ."

"మర్నాడే వద్దామనుకున్నా. వదిన ఏమంటుందోనని సిగ్గేసింది. తర్వాత రోజులు గడిచేకొద్దీ ఇంకా కష్టమైంది. ఇవాళ సాయంత్రం వస్తా. వదిన్ని నాక్కూడా గంజి పొయ్యమను. ఏమంటావు?"

రేవు వైపు నుంచి తెడ్ల చప్పుడు దగ్గరవుతోంది.

"ఊ కొట్టవేం అన్నా? ఇంకా కోపమేనా?"

పెద్దాయన చెయ్యి మర మీద ఆగింది. పెట్టె వైపు చూశాడు. మూటలాయన మోకాళ్ళ మీద కూర్చుని తువ్వాలు ముడి విప్పుతున్నాడు. విప్పగానే చెయ్యి చెక్క మీద పడింది, దాని బరువుకి అదే. మూటలాయన పెద్దాయన్ని చూసి, తల అడ్డంగా ఊపాడు.

ఇంకా మూడు మరలు ఉన్నాయి. పెద్దాయన మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు, ఇంతకుముందుకంటే నెమ్మదిగా.

"కోపం లేదు," అన్నాడు. "అంతా విన్నాడు."

పడవ వచ్చింది. అందులో వచ్చిన నలుగురూ గాలోణ్ణి కంబళిలో చుట్టి పడవలోకి దింపారు. తల తమ్ముడి ఒళ్ళో ఉంది. తమ్ముడి కాళ్ళకి సీసపు బూట్లు అలాగే ఉన్నాయి, విప్పమని ఎవరికీ తోచలేదు. మూటలాయన పెట్టె మీద పట్టా కప్పి ఆఖర్న దిగాడు.

పంటు మీద ఎవరూ మిగల్లేదు. పొద్దున చక్రం పట్టేముందు గాలోడు విప్పి అంచుమేకుకి తగిలించిన చొక్కా అక్కడే ఉండిపోయింది. నీళ్ళ మీది గాలి దాని చేతుల్లోకి దూరి నిండుగా ఉబ్బించి, వదిలేసి, మళ్ళీ ఉబ్బిస్తోంది.